యునానీ పెళ్ళికూతురి బాసికం

షార్జాలో నేను పనికి చేరిన రోజునే, ఆ ఇంట్లో వంట చేసే హైదరాబాదు ఆపా నా చెవిలో, "మన మదాం యునానీ" అని చెప్పింది. మా కడప వైపు యునానీ అంటే దవాఖానా. మోకాళ్ళ నొప్పులకు నల్లటి లేహ్యం ఇచ్చే హకీము. అందుకని కొద్దిరోజులు చూసి, మదాం ముందు నిలబడి, మా ఆయన నడుమునొప్పికి ఏదైనా ఇమ్మని చేతులతో చూపించి అడిగాను. ఆమె నావైపు వింతగా చూసి, లోపలికి వెళ్ళి, సీసాలో ఆలివ్ నూనె పోసి తెచ్చి ఇచ్చింది. అది పూసుకుని మా ఆయన నొప్పి తగ్గిందన్నాడు. దాంతో ఆమె డాక్టరమ్మేనని చాలాకాలం నమ్మాను. అరబ్బీలో గ్రీసు దేశం వాళ్ళను యునానీలంటారని తర్వాతెప్పుడో తెలిసింది.

ఇది డెబ్భైల చివరి మాట. మా ఆయన షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో రేకుల షాపులో పనిచేసేవాడు. పెద్ద పెద్ద బిల్డింగుల్లో చల్లగాలి పోవడానికి పైకప్పులో రేకు గొట్టాలుంటాయే, అవి చేసే షాపు. ఆయన ఉండేది క్యాంపులో, నేనుండేది మదాం ఇంటి వెనక గదిలో. శుక్రవారం వస్తే ఆయన నన్ను చూడ్డానికి వచ్చేవాడు.

మదాం పుట్టింది గ్రీసులో కాదు, ఈజిప్టులో, ఇస్కందరియా పట్నంలో. తాతల కాలంలోనే అక్కడికి పోయి స్థిరపడ్డ కుటుంబం. అక్కడ రోజులు మారిపోయి ఇల్లూ అంగడీ అన్నీ వదిలి రావలసి వచ్చిందట. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ నగలు కూడా దక్కలేదట. ఈజిప్టులో పెరిగింది కాబట్టి ఆమె అరబ్బీ మాతృభాషలాగా మాట్లాడేది. నాకు వంటింటి అరబ్బీ, ఆపాకు బజారు అరబ్బీ వచ్చేవి. మా ముగ్గురికీ అదే సరిపోయింది.

ఆమెకు ఒక్కతే కూతురు. చాలా కలివిడి పిల్ల. నా చీర కొంగు పట్టుకుని వంటింట్లో తిరిగేది. ఆ పిల్లకు గ్రీసు నుంచే సంబంధం కుదిరింది. అబ్బాయి ఓడల్లో ఉద్యోగం. పెళ్ళి షార్జాలోనే, చలికాలంలో అనుకున్నారు. ముందుగా ఒకసారి అబ్బాయి తల్లి వచ్చి ఆ ఇంట్లో కొన్నాళ్ళుంది. నల్లగౌను, బిగించి కట్టిన కొప్పు, ఎవరు ఏం చెప్పినా కనుబొమలెత్తి వినే మనిషి. మదాం ఆమె కోసం ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టి వండింది. ఆ వంటలో దాల్చినచెక్క వేయడం ఇస్కందరియా అలవాటు. ఆమె ఒకటి కొరికి, పళ్ళెం పక్కకు జరిపి, అరబ్బుల వంటలాగా ఉందన్నది. పోయేరోజు గుమ్మంలో నిలబడి మరో మాట కూడా అంది. పిల్ల బాగుంది, పెళ్ళినాడు మా వాళ్ళ కంటికి గ్రీకు పిల్లలాగా కనిపిస్తే చాలు, అని.

ఈ మాటలన్నీ పిల్లే మాకు వంటింట్లో చెప్పింది. చెబుతూ నవ్వింది గానీ, ఆ నవ్వు ఎలాంటిదో ఆడవాళ్ళకు తెలుస్తుంది. వియ్యపురాలు గడప దాటుతూ వేసిన ముల్లు ఏ దేశంలోనైనా ఒకేచోట గుచ్చుకుంటుంది. మదాం రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత ఒక పట్టు పట్టింది. కూతురు పెళ్ళి పందిట్లోకి పాతకాలపు గ్రీకు రాణిలాగా రావాలి. ఆ రాణులు కట్టుకున్న తలకట్టే కట్టుకుని రావాలి. అప్పుడు ఎవరు ఏమంటారో చూస్తానంది.

కారులో సూక్‌కు పోయి బంగారు కొట్లన్నీ తిరిగింది. అక్కడ గాజులున్నాయి, లావుపాటి గొలుసులున్నాయి, ఆమె చెప్పినట్టు చేసేవాళ్ళు మాత్రం దొరకలేదు. అయినా అంత బంగారం కొనే స్తోమతూ వాళ్ళకు లేదు. ఇంటికొచ్చి వంటింట్లో కూలబడి, "వరక్ దహబ్ మాఫీ" అని కళ్ళు తుడుచుకుంది.

మాఫీ అంటే లేదని. దహబ్ అంటే బంగారం. చిక్కంతా వరక్ దగ్గరే వచ్చింది. ఆ ఇంట్లో నాకు తెలిసిన వరక్ ద్రాక్షాకు ఒక్కటే. బంగారు ద్రాక్షాకులేమిటో నాకు అర్థం కాలేదు. ఆపా మాత్రం తొడ చరిచి లేచింది.

"అరె, వరఖ్ కోసం ఇంత ఏడుపా? మా చార్మినార్ గల్లీలల్ల పొద్దంతా టకటక కొడ్తనే ఉంటరు. మిఠాయి మీద అంటిస్తరు చూడు, గదే."

వెండి వరఖ్ నేనూ చూశాను. బంగారపుది కూడా ఉంటుందట. దుబాయ్‌లో మిఠాయి కొట్టు పెట్టిన మనిషి ఆపాకు వరసకు తమ్ముడు. ఆమె పోయి తెచ్చింది. కాగితాల మధ్య పెట్టిన, ఊపిరి తగిలినా లేచిపోయే రేకులు. మదాంకు చెప్పకుండా చేసి ఆశ్చర్యపరుద్దామని ఇద్దరం గుట్టుగా కూర్చున్నాం. వంటింట్లో జాడీ నిండా బిర్యానీ ఆకులున్నాయి. వాటికి కోడిగుడ్డు తెల్లసొన రాసి, వరఖ్ అంటించి, పిల్ల తలకు పెట్టుకునే పట్టీకి వరసగా కుట్టాం. ఎండకు పట్టుకుంటే ధగధగా మెరిసింది. ఆపా దిష్టి కూడా తీసింది.

పిల్ల మురిసిపోయి తలకు పెట్టుకుంది. మదాం రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. షార్జా ఉక్క సంగతి మేం మరిచిపోయాం. టీ తాగేలోపల ఆ బంగారమంతా పిల్ల నుదుటి మీదికి, ముక్కు మీదికి, చేతికి, కప్పుకు ఎక్కేసింది. తల ఆడిస్తే బిర్యానీ ఆకులు పటపటా విరిగి టీలో పడ్డాయి. "నన్ను దమ్‌లో పెడతారా?" అందా పిల్ల. మదాం నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. ఆమె నవ్వు చూసి మాకూ నవ్వొచ్చింది. అన్నాళ్ళ తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది, అదొక్కటి లాభం.

అప్పుడు మదాం లావుపాటి పుస్తకం తెచ్చి బొమ్మ చూపించింది. భూమిలోంచి తవ్వి తీసిందట, రెండు వేల ఏళ్ళ నాటిదట. ఆకు మీద బంగారం అంటించింది కాదు, ఆకే బంగారం. కాగితంలాగా పల్చటి బంగారు రేకును ఆకుగా కత్తిరించి, ఈనెలు తీర్చి, సన్నటి తీగ కాడలకు కట్టారు. నుదుటి మీదికి ఆకులు వరసలు వరసలుగా వేలాడుతున్నాయి. పెళ్ళిళ్ళలో కట్టుకునేవారట, దేవతలకు పెట్టేవారట, రాణులు చనిపోతే తలకు పెట్టి పంపేవారట. నేను ఆ బొమ్మనే చూస్తూ ఉండిపోయాను. దాన్ని నేను ఎరుగుదును.

మా పుట్టింటివాళ్ళది బాసికాలు కట్టే ఇల్లు. పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ నుదుట కట్టే బాసికాలు, ఊరేగింపులో అమ్మవారికి పెట్టే కిరీటాలు మా అమ్మ కట్టేది. జీలుగు బెండు, దారం, పూసలు, కాకిబంగారం. తగరంలాగా తళతళలాడే ఆ రేకునే మేం కాకిబంగారం అంటాం. బడికి పంపలేదు గానీ ఆ రేకును ఎలా కత్తిరించాలో, ఎలా కడితే అది ఊరికే ఉండకుండా వణుకుతూ మెరుస్తుందో నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నేర్పారు.

"మదాం, ఇది నేను చేస్తా" అన్నాను. ఆమె నా భుజం తట్టి, "హబీబ్తీ, ఇంకొకసారి పిల్లకు బిర్యానీ స్నానం వద్దు" అంది. పిల్ల మాత్రం నా పక్కకొచ్చి నిలబడింది. చేయనివ్వమంది. మళ్ళీ పాడైతే మామూలు పూలదండ పెట్టుకుని పోతానంది. పూలదండతో పోతే ఆ నల్లగౌను ఆమె ముందు తల ఎలా ఎత్తుతుందో అందరం ఆలోచించాం, ఎవరూ పైకి అనలేదు.

శుక్రవారం మా ఆయన వచ్చాడు. నేను సంగతి చెప్పి, ఇత్తడి రేకు కావాలన్నాను. వాళ్ళ షాపులో యంత్రాల కింద ఎత్తు సరిచేయడానికి పెట్టే రేకు ఉంటుంది, చాలా పల్చన. ముక్కలు మూల పడేసి ఉంటాయి. ముదీర్‌ను, అంటే వాళ్ళ మేనేజరును, అడిగితే పట్టుకుపొమ్మన్నాడట. తర్వాతి శుక్రవారం రేకుతో పాటు, ఎలక్ట్రీషియన్ల దగ్గర పాత వైర్లు ఒలిచి సన్నటి రాగి తీగ కూడా తెచ్చాడు. మదాం ఇంటి వెనక కారు నిలిపే నీడలో చాప పరుచుకుని కూర్చున్నాం.

ఆకులు ఆయన కత్తిరించాడు. ఇనుప రేకులు కోసి కోసి ఉన్న చెయ్యి, ఇత్తడి ఆయనకు వెన్నలాగా తెగింది. ఈనెలు తీర్చడం నా వంతు. మెత్తటి దాని మీద రేకు పెట్టి, ఇంకు అయిపోయిన పెన్ను ములుకుతో గీస్తే, వెనక నుంచి ఈనె ఉబ్బి వస్తుంది. గుడ్డ పెట్టి చూశాను, రేకు జారింది. మైనం పెట్టి చూశాను, అంటుకుంది. చెక్క పెడితే చిరిగింది. కాలికున్న రబ్బరు చెప్పు కంటబడింది. తీసి దాని మీద పెట్టి గీశాను. నిజం ఆకులాగా వచ్చింది.

మా ఆయన కత్తెర కింద పడేశాడు.

"ఏమే, నీకు బుద్ధుండాదా? తలకు పెట్టుకునేది చెప్పు మీద పెడతావా? పెండ్లికూతురిది! వాళ్ళకు తెలిస్తే మనల్ని ఉంచుతారా?"

"తెలిస్తే గదా."

"వాళ్ళకు తెలీకపోవచ్చు. నాకు తెలుసు గదా. నేను ముట్టుకోను పో."

ఆయన నిజంగానే లేచి పోయి గోడ పక్కన బీడీ ముట్టించాడు. ఆయన అన్నదీ తప్పు కాదు. మా ఇంట్లోనూ బాసికం కట్టే చోటికి చెప్పు రానివ్వరు. నేను కూడా ఆ ఆకును పక్కన పడేశాను. చివరికి ఆపాయే తగవు తీర్చింది. బకాలా కొట్టుకు పోయి కొత్త చెప్పుల జత తెచ్చి, మా ఆయన ముందు పెట్టింది.

"చూడు భాయ్, గిది ఎవ్వరూ కాలు పెట్టని చెప్పు. కాలు పెట్టకపోతే చెప్పెట్లయితది? గిది ఉత్త రబ్బరు."

ఆయన తిప్పితిప్పి చూశాడు. వార్లు పీకేశాడు. అంచులు కోసి చదరం పలక చేశాడు. కడిగి, పసుపు కూడా రాయమన్నాడు. అప్పుడుగానీ కత్తెర పట్టుకోలేదు.

ఆకులన్నీ అయ్యాక అసలు గొడవ వచ్చింది. కాడలు పట్టీకి ఎలా అతకాలన్న దగ్గర. ఆయన టంకం పెడతానన్నాడు. నేను తీగతో కడతానన్నాను. ఆయన తన పద్ధతి చేసి చూపించాడు. నాలుగు ఆకులు గట్టిగా, వరసగా, దారం పట్టినట్టు నిలబడ్డాయి. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంది. నేను తీసుకుని ఊపాను. ఒక్క ఆకూ కదల్లేదు.

"ఇది సచ్చిపోయిన ఆకు" అన్నాను.

"కదలకుండా ఉండాలనే గదా టంకం. రేకు మోగిందంటే పని చెడినట్టే. గాలి గొట్టం గలగలమంటే ముదీర్ పీకి మళ్ళీ చేయిస్తాడు. ఇన్నేండ్లు రేకు మోగకుండా చేసే నాకు కూలిచ్చినారు."

"నాకు మాయమ్మ రేకు మోగేట్టు కట్టడమే నేర్పింది. పెండ్లికూతురు నడిస్తే ముందర రేకు పలకాల. ఊరికే ఉంటే దాన్ని ఎవురు చూస్తారు?"

 నేను రాగితీగను అల్లిక సూదికి చుట్టి, లాగి, స్ప్రింగులాగా చేసి, దాని కొనకు ఆకు కట్టాను. రెండో కొన పట్టీకి కట్టి ఆయన ముందు పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు. సముద్రం మీది గాలి కొద్దిగా వీచింది. ఆకు వణికింది, పక్క ఆకుకు తగిలి చిన్నగా పలికింది. ఆయన బీడీ పక్కన పెట్టి వంగి విన్నాడు. తర్వాత తన నాలుగు ఆకుల టంకం తానే కరిగించి ఊడదీశాడు. ఆ రోజు నుంచి కట్టుడు పని కూడా నేర్చుకుని, నాకంటే సన్నంగా చుట్టాడు. మధ్యమధ్య తల ఊపి, "ముదీర్ చూస్తే నన్ను ఊరికి పంపుతాడు" అనేవాడు.

చర్చిలో పూజారి వధూవరులకు వేరే కిరీటాలు పెట్టి, రెండింటినీ రిబ్బనుతో కలుపుతాడని మదాం చెప్పింది. ఇద్దరికీ కడతారనగానే నాకు మన పద్ధతే అనిపించి సంతోషమేసింది. పైన ఆ కిరీటానికి చోటు వదిలి, మాది నుదుటి మీదికి దించాం. అచ్చం బాసికం ఉండేచోటు. తర్వాత సూక్‌లో ఒక గుజరాతీ ఆయన దానికి బంగారు నీళ్ళు ఎక్కించాడు. ఎక్కడా టంకం లేదు కాబట్టి మచ్చ పడకుండా పూత బాగా పట్టిందని మా ఆయనతోనే అన్నాడు. ఆ మాట మా ఆయన నాకు చెప్పలేదు. వెంట పోయిన ఆపా చెబితే తెలిసింది.

పెళ్ళినాడు విందు ఇంటి తోటలోనే. చర్చి నుంచి అందరూ వచ్చి బల్లల దగ్గర కూర్చున్నారు. చర్చిలో పిల్ల తల మీద మేలిముసుగు ఉంది, మా ఆకులు దాని కింద అణిగి ఉన్నాయి. ఆ ముసుగు తీసి తోటలోకి నడిచి రావడమే అసలు ముహూర్తమని మదాం ముందే అనుకుంది. మేం వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాం. మగపెళ్ళివాళ్ళ మధ్యలో నల్లగౌను ఆమె కూర్చుంది. ఈసారి నల్లపట్టు. ముఖంలో మార్పేమీ లేదు. మా ఆయన నా వెనక నిలబడి, ఏ ఆకైనా ఊడితే ఎలా అని గొణుగుతున్నాడు.

పిల్ల బయటికి వచ్చింది.

కళ్ళతో చూడకముందే జనానికి వినిపించింది. వాన మొదటి చినుకులు రేకుల కప్పు మీద పడితే ఎలా ఉంటుందో, ఇంకా మెత్తగా, అలా.  ఎండ ఆకుల మీద పడి పిల్ల ముఖమంతా వెలుగు గంతులేసింది. అడుగు వేస్తే ఒక పలుకు, తల తిప్పితే ఇంకొకటి. పుస్తకంలోని ఆ రాణి లేచి నడిచొచ్చిందా అనిపించింది.  ఆపా నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు విరిగింది.

నల్లగౌను ఆమె లేచింది. పిల్ల దగ్గరికి వెళ్ళి, గడ్డం కింద వేలు పెట్టి తల అటూ ఇటూ తిప్పింది. ఆకుల దగ్గర చెవి పెట్టి విన్నది. ఏదో అడిగింది. మదాం మాకు వినపడేట్టు అరబ్బీలో అంది, ఏథెన్సు నుంచి తెప్పించారా అని అడుగుతోందని. మదాం నోరు తెరిచి, మూసింది. అవునంటే గొడవ లేదు. పెళ్ళి గడిచిపోతుంది. పిల్ల మాత్రం తల్లి వైపు చూడనే లేదు. నేరుగా మా తలుపు దగ్గరికి వచ్చి, నన్ను ఒక చేత్తో, మా ఆయనను ఒక చేత్తో పట్టుకుని లాక్కుపోయి ఆమె ముందు నిలబెట్టింది. వాళ్ళ భాషలో చెప్పింది. చేతులతో కత్తిరించినట్టు, చుట్టినట్టు చూపించింది. ఇత్తడి అని కూడా చెప్పిందట. దాచలేదు.

ఆమె కనుబొమలు పైకి లేచాయి. నా చెయ్యి తీసుకుని తిప్పింది. వేళ్ళ నిండా రేకు కోసిన గీతలు. మా ఆయన చేతులూ చూసింది.  ఆమె వెనక్కి తిరిగి, పిల్ల మోచెయ్యి పట్టుకుని, ఒక్క మాట అంది. మదాం దాన్ని మాకు చెప్పింది.

"మళ్ళీ నడవమంటోంది. అటు వైపు కూర్చున్న మా వాళ్ళు సరిగ్గా చూడలేదు అంటోంది."

తానే పిల్ల చెయ్యి పట్టుకుని తోట చుట్టూ తిప్పింది. ప్రతి బల్ల దగ్గరా ఆగింది. ముసలివాళ్ళ దగ్గర పిల్ల తల వంచి చెవిలో మోగించింది. తన అక్కచెల్లెళ్ళకు చూపిస్తూ గొంతెత్తి ఏదో చెప్పింది. ఏమంటోందని మదాంను అడిగాను. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా, "మా పిల్ల, మా పిల్ల అంటోంది. ఇంకేమీ అనడం లేదు" అంది మదాం.

తర్వాత వాద్యాలు మొదలైనాయి. వాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. ముందు పెళ్ళికూతురు, పక్కన అత్తగారు. ఆమె దారిలో నన్ను ఒక చేత్తో, ఆపాను ఒక చేత్తో లాగేసింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నేనూ కలిశాను. ఆపా బుర్ఖా సర్దుకుంటూ, "యల్లా, యల్లా" అని అందరినీ తోసింది. మా ఆయన మాత్రం కాసేపు వాళ్ళ కాళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చెప్పులు విడిచి వలయంలోకి దూరి, మా ఊరి చెక్కభజన అడుగులు వేశాడు. రెండు ముందుకు, ఒకటి వెనక్కి, ఒక గెంతు. గ్రీకు మగవాళ్ళు ఆగి చూశారు. తర్వాత ఒక్కొక్కరే ఆయన అడుగులో అడుగు కలిపారు. తోటంతా మా ఆయన వెనక చెక్కభజన ఆడింది.